కోడిని చంపనన్నవారు

మాంసం ముట్టనన్నందుకు ఒక కాలంలో క్రైస్తవులు మతద్రోహులుగా అనుమానింపబడ్డారు. మరొక కాలంలో ఒక చిన్న క్రైస్తవ సంఘం మాంసం మానినవారినే సభ్యులుగా చేర్చుకుంది. ఈ రెండింటి నడుమ సాగిన సుదీర్ఘ వివాదం నేటికీ ముగియలేదు.

1051వ సంవత్సరం. క్రిస్మస్ పండుగ రోజులు. జర్మనీలోని గోస్లార్ పట్టణంలో చక్రవర్తి మూడవ హెన్రీ కొలువు తీరి ఉన్నాడు. మతద్రోహులన్న అభియోగంపై కొందరిని ఆయన ఎదుట నిలబెట్టారు. వారి విశ్వాసాన్ని పరీక్షించడానికి మతాధికారులు ఎంచుకున్న సాధనం ఒక కోడి. దాని మెడ విరవండి అన్నారు. నిందితులు ఒప్పుకోలేదు. నేరం రుజువైనట్టే భావించి వారిని ఉరితీశారు.

ఆ అభాగ్యులు భూతదయ చేతనే కోడిని విడిచిపెట్టారని చెప్పలేము. ఈ భౌతిక ప్రపంచమంతా పాపభూయిష్ఠమని, దేహంతో కూడినదేదీ పవిత్రం కాదని బోధించే పంథాలు ఆనాడు ఐరోపాలో లోలోపల వ్యాపిస్తున్నాయి. అటువంటి పంథాలవారు మాంసాన్ని అసహ్యించుకొనేవారు. చర్చికి భయం పుట్టించినది ఆ అసహ్యమే. దేవుడు సృష్టించి మంచిదన్న దానిని చెడ్డదనడం దేవుణ్ణి కాదనడమే అని మతాధికారుల వాదం. అంతకు ఏడు శతాబ్దాలకు పూర్వమే, 314లో, నేటి అంకారా నగరంలో సమావేశమైన మతసభ ఇదే అనుమానంతో ఒక నియమం చేసింది. మాంసం మానిన మతగురువులు కనీసం ఒక్కసారి దానిని రుచి చూడవలెను. ఆ తరువాత కావాలంటే మానుకోవచ్చును. మాంసంతో కలిపి వండిన కూరను సైతం అసహ్యించుకొనేవాడికి గురుపీఠం దక్కదు.

అలాగని క్రైస్తవ మతంలో మాంస విసర్జన లేకపోలేదు. ఆరవ శతాబ్దంలో సన్యాసులకు నియమావళి రచించిన బెనెడిక్టు మహాశయుడు, రోగులకు తప్ప ఎవరికీ నాలుగు కాళ్ళ జంతువుల మాంసం పెట్టరాదన్నాడు. ఇథియోపియాలో నిష్ఠాపరులైన క్రైస్తవులు ఏడాదిలో సగం రోజులు మాంసమే కాదు, పాలు, గుడ్లు కూడా ముట్టరు. కేరళలోని సిరియన్ క్రైస్తవులు ఈస్టరుకు ముందు యాభై రోజులు పాటించే వ్రతాన్ని 'నోంబు' అంటారు. మన 'నోము'కు అది తోబుట్టువు. అయితే ఈ వ్రతాలన్నింటిలోనూ త్యాగం మనిషిది, ఫలం మనిషిది. నాలుకను జయించడం, దేహాన్ని అదుపులో ఉంచడం, పాపానికి పశ్చాత్తాపపడడం వాటి ఉద్దేశాలు. పళ్ళెంలో చేరకుండా మిగిలిన గొర్రెపిల్ల గురించి ఆ నియమాలలో ఒక్క మాటా లేదు.

ఆ గొర్రెపిల్ల తరఫున మాట్లాడిన సంఘం ఇంగ్లండులో, పొగ గొట్టాల నీడలో పుట్టింది.

పశుల కాపరి

మాంచెస్టరును ఆనుకొని, ఇర్వెల్ నదికి ఆవలి గట్టున సాల్ఫర్డ్ పట్టణం ఉంది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో నూలు మిల్లుల మూలంగా అది ఊహకందని వేగంతో పెరిగింది. పల్లెలు విడిచి వచ్చిన కుటుంబాలు చీకటి గదులలో కిక్కిరిసి బ్రతికేవి. పిల్లలు సైతం మిల్లులలో పని చేసేవారు. అక్కడ కింగ్ వీధిలో 1800లో ఒక ప్రార్థనామందిరం వెలిసింది. దానిని స్థాపించిన మతగురువు పేరు విలియం కౌహర్డ్. ఆ ఇంటిపేరుకు పశుల కాపరి అని అర్థం. పేరు ఎవరికైనా ఇంతగా అతకడం అరుదు.

కౌహర్డ్ తొలుత ఆంగ్లికన్ చర్చిలో ఉపగురువు. స్వీడన్ దేశపు తత్త్వవేత్త స్వీడన్‌బోర్గ్ రచనల ప్రభావంలో పడి ఆ చర్చిని వదిలాడు. తరువాత స్వీడన్‌బోర్గ్ అనుయాయులతోనూ పొసగక, 1809లో 'బైబిల్ క్రిస్టియన్ చర్చి' పేరిట స్వంత సంఘం నెలకొల్పాడు. చేరదలచినవారికి రెండు షరతులు: మద్యం మానవలెను, మాంసం మానవలెను.

ఈ రెండవ షరతుకు ఆయన చూపిన ఆధారం బైబిలు మొదటి పుటలోనే ఉంది. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు స్త్రీపురుషులను సృష్టించి, విత్తనాలిచ్చే మొక్కలను, పండ్ల చెట్లను వారికి ఆహారంగా చూపిస్తాడు. జంతువులకు పచ్చని మొక్కలను చూపిస్తాడు. ఆ తోటలో ఎవరూ ఎవరినీ తినలేదు. మాంసభక్షణకు అనుమతి తొమ్మిదవ అధ్యాయంలో గాని రాదు. అదీ జలప్రళయం తరువాత, మానవజాతి పతనమైన పిమ్మట. కనుక మాంసం దేవుని మొదటి సంకల్పం కాదు, మన బలహీనత చూసి ఇచ్చిన మినహాయింపు మాత్రమేనని ఈ సంఘం వాదించింది. తోడేలు, గొర్రెపిల్ల కలిసి నివసించే రోజును ప్రవక్త యెషయా వర్ణించాడు గదా, ఆ రోజు వైపు నడిచేవాడు నేటి నుండే కత్తి దించవద్దా?

ప్రత్యర్థులకూ బైబిలులో ఆధారాలు కరువు కాలేదు. పునరుత్థానుడైన క్రీస్తు శిష్యుల ఎదుట కాల్చిన చేప తిన్నాడని లూకా వ్రాశాడు. పేతురుకు కలిగిన దర్శనంలో సకల జంతువులూ నిండిన దుప్పటి ఒకటి ఆకాశం నుండి దిగివచ్చింది. చంపుకొని తినుమన్న స్వరం వినిపించింది. రోమీయులకు వ్రాసిన లేఖలో పౌలు, కూరగాయలు మాత్రమే తినేవాడిని విశ్వాసంలో బలహీనుడన్నాడు. ఆ వెంటనే, తినేవాడు తిననివాడిని తృణీకరించరాదని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చరాదని కూడా అన్నాడు. నిజానికి కౌహర్డ్ సంఘానికి గట్టి అడ్డంకి ఆ చేప కాదు, పౌలు చెప్పిన ఈ రెండవ మాట. భోజనాన్ని సభ్యత్వానికి షరతుగా పెట్టడమంటే తీర్పు తీర్చడమే గదా! ఈ చిక్కు ఆ సంఘాన్ని చివరివరకూ వదలలేదు.

కౌహర్డ్ బోధ పొడి బోధ కాదు. ఆయన వైద్యం నేర్చి పేదలకు మందులిచ్చేవాడు. ఆకలిగొన్నవారికి కూరగాయల సూపు పోయించేవాడు. శవాన్ని పూడ్చడానికి రుసుము చెల్లించలేని బీదలకు తన మందిరపు ఆవరణలో సమాధి స్థలం ఇచ్చాడు. మాంసం కొనలేనివాడికి మాంసం మానమని బోధించడమేమిటని ఎకసెక్కం చేసినవారు ఉండకపోరు. ఆ ఎకసెక్కంలో కొంత నిజం ఉంది. ఐనా ఆ రోజులలో మాంసం బలానికి గుర్తు, మర్యాదకు గుర్తు. కూలీ నాలుగు డబ్బులు కళ్ళజూసిన నాడు మొదట కోరేది అదే. దానిని కోరదగిన వస్తువుల జాబితాలోనుంచే తీసివేయమనడం చిన్న సంగతి కాదు.

ఆయన మెత్తని మనిషి కాడు. 1816లో మరణించగా, అందరూ తనకు భయపడ్డారనీ, ఎవరూ ప్రేమించలేదనీ, అర్థం చేసుకొన్నవారు కొద్దిమందేననీ సమాధి ఫలకంపై చెక్కారు. జీవకారుణ్యం బోధించినవాడి సమాధిపై ఇటువంటి మాటలు విచిత్రమే.

వంటింటి సువార్త

గురువు ప్రసంగవేదికపై చేసిన పనికంటే, ఆ సంఘంలోని ఒక గృహిణి వంటింట చేసిన పని ఎక్కువ కాలం నిలిచింది. ఆమె మార్తా బ్రదర్టన్. మాంసం మానండి అనడం సులభం. మానినవాడు రేపు మధ్యాహ్నం ఏమి తింటాడు? లాంకషైరు ఇల్లాలికి పప్పు, పులుసు, పచ్చడి అనే రాచబాటలు లేవు. కూరగాయ అంటే మాంసం ప్రక్కన ఉడికించి పెట్టే పదార్థమని మాత్రమే ఆమెకు తెలుసు.

1812లో మార్తా బ్రదర్టన్ 'వెజిటబుల్ కుకరీ' అనే గ్రంథం ప్రకటించింది. దానిపై తన పేరు వేసుకోలేదు. ఆంగ్ల భాషలో అచ్చయిన మొట్టమొదటి శాకాహార పాకశాస్త్రంగా దానిని పరిగణిస్తారు. సూపులు, ఆమ్లెట్లు, కూరగాయల పైలు, పుడ్డింగులు, ఊరగాయలు అందులో ఉన్నాయి. వెన్న, గుడ్లు ధారాళంగా పడ్డాయి. నేటి ఆరోగ్య నిపుణులు చూస్తే కనుబొమలు ముడిచేటంత ధారాళంగా! కాని ఆమె ఉద్దేశం తపస్సు కాదు. మాంసం లేని భోజనం శిక్ష కానక్కరలేదని నిరూపించడం. ఉపవాసపు శాకాహారానికీ, దయ వలన కలిగిన శాకాహారానికీ మధ్య తేడా వేదాంత గ్రంథాలలోకంటే ఆ వంటల పుస్తకంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఉపవాసికి రుచి శత్రువు. మార్తాకు రుచి మిత్రుడు.

ఆమె భర్త జోసెఫ్ బ్రదర్టన్ బడి చదువు లేకుండానే కుటుంబపు నూలు మిల్లులో చిన్ననాడే పనిలో చేరాడు. భాగస్వామి అయ్యాడు. 1819లో, నడివయస్సు రాకముందే, ఇక చాలునని వ్యాపారం నుండి విరమించాడు. కౌహర్డ్ తరువాత సాల్ఫర్డ్ మందిరానికి గురువు ఆయనే. 1832 సంస్కరణల దరిమిలా సాల్ఫర్డ్‌కు పార్లమెంటులో తొలిసారి స్థానం లభించగా, ఓటర్లు ఆయనను పంపారు. 1857లో మరణించేవరకూ ఆ స్థానం ఆయనదే.

ఫ్యాక్టరీలలో పిల్లల పని గంటలు తగ్గించాలని ఆయన పోరాడాడు. మరణశిక్షను వ్యతిరేకించాడు. అర్ధరాత్రి కాగానే లేచి సభను వాయిదా వేయాలని ప్రతిపాదించేవాడు. ఈ అలవాటు వలన కొందరు సభ్యులకు ఆయన వినోదం, కొందరికి తలనొప్పి. సభలో ఒకరు ఆయన సంపదను ఎత్తిపొడవగా, తన ఐశ్వర్యం ఆస్తుల విస్తృతిలో లేదని, కోరికలు కొద్దిగా ఉండడంలో ఉందని ఆయన జవాబిచ్చాడు. తరువాత ఆ మాటనే ఆయన విగ్రహపు పీఠంపై చెక్కారు. మిల్లులో పిల్లల పట్ల జాలి, కబేళాలో పశువు పట్ల జాలి ఆయనకు రెండు వేర్వేరు గుణాలు కావు. జంతువుల మీద ప్రేమ ఒలకబోస్తూ మనుషులను మరచేవారు ఆ కాలంలోనూ ఉన్నారు, ఈ కాలంలోనూ ఉన్నారు. బ్రదర్టన్‌ను ఆ కోవలో చేర్చడానికి వీలు లేదు.

1817లో ఈ సంఘానికి చెందిన 41 మంది విలియం మెట్‌కాఫ్ అనే గురువు వెంట ఓడ ఎక్కి అమెరికాలోని ఫిలడెల్ఫియాకు బయలుదేరారు. ప్రయాణం నెలల తరబడి సాగింది. ఒడ్డు చేరేలోపునే కొందరు వ్రతం చెడగొట్టుకున్నారు. మిగిలిన కొద్దిమందితోనే మెట్‌కాఫ్ అక్కడ చర్చి నిలబెట్టాడు. 1850లో అమెరికన్ వెజిటేరియన్ సొసైటీ ఏర్పడడానికి కారకులలో ఆయన ఒకడు.

కాఫీ హోటలులో పుట్టిన సంస్థ

ఇదే కాలంలో లండనులో మరొక ధార్మిక ప్రయత్నం జరిగింది. ఆంగ్లికన్ గురువు ఆర్థర్ బ్రూమ్ పిలుపుపై 1824 జూన్ 16న కొందరు ప్రముఖులు ఒక కాఫీ హోటలులో సమావేశమై, జంతువుల పట్ల క్రూరత్వాన్ని అరికట్టే సంఘాన్ని స్థాపించారు. బానిస వ్యాపారంపై పోరాడిన విల్బర్‌ఫోర్స్ వారిలో ఒకడు. ఆ హోటలు పేరు 'ఓల్డ్ స్లాటర్స్'. పశువుల రక్షణ కోసం కూడిన చోటికి వధ అని అర్థం వచ్చే పేరు ఉండడం యాదృచ్ఛికమే గాని, చెప్పకుండా వదలడం కష్టం.

బ్రూమ్ తన గురు పదవిని, సొమ్మును ఈ సంఘానికే ధారపోశాడు. సంఘం అప్పులకు పూచీపడి 1826లో చెరసాల పాలయ్యాడు. ఆయనను విడిపించడానికి డబ్బు కూర్చిన ఇద్దరిలో ఒకడు లూయిస్ గోంపెర్ట్జ్ అనే యూదుడు. తరువాత కార్యదర్శి పదవి చేపట్టి, మునిగిపోతున్న సంఘాన్ని నిలబెట్టినదీ ఆయనే. గోంపెర్ట్జ్ మాంసం తినడు, పాలు త్రాగడు, గుర్రబ్బండి ఎక్కడు. గుర్రం అక్కరలేని రెండు చక్రాల వాహనానికి 1821లో చేతితో నడిపే యంత్రం కూడా అమర్చాడు. అయినా 1830ల ఆరంభంలో, ఈ సంఘం క్రైస్తవ విశ్వాసం పునాదిగా మాత్రమే నడవాలని నిర్వాహకులు తీర్మానించడంతో ఆయన తప్పుకోవలసి వచ్చింది. క్రైస్తవ కారుణ్యం పేరిట, ఆ గదిలో అందరికంటే కారుణ్యం గల మనిషిని సాగనంపారు. తరువాత రాణి విక్టోరియా నుండి రాజ గౌరవం పొంది నేటికీ పని చేస్తున్న ప్రఖ్యాత సంస్థ చరిత్రలో ఇది శోభనిచ్చే అధ్యాయం కాదు.

సాల్ఫర్డ్ వారు ఆ పొరపాటు చేయలేదు. 1847 సెప్టెంబరు 30న ఇంగ్లండు తీరంలోని రామ్స్‌గేట్ పట్టణంలో, జలచికిత్స జరిగే ఒక వైద్యశాలలో వెజిటేరియన్ సొసైటీ పుట్టింది. అధ్యక్షత వహించినది జోసెఫ్ బ్రదర్టన్. తొలి అధ్యక్షుడుగా ఎన్నికైన జేమ్స్ సింప్సన్ కూడా బైబిల్ క్రిస్టియనే. అయితే చేరడానికి మతం అడ్డు కాదన్నారు. ఫలితం ఊహించదగినదే. సొసైటీ పెరిగింది, చర్చి తరిగింది. మాంసం మానదలచినవాడికి ఇప్పుడు స్వీడన్‌బోర్గ్ వేదాంతంతో పని లేదు. 1930ల నాటికి సాల్ఫర్డ్ చర్చిలో మిగిలినవారు పొరుగున ఉన్న యూనిటేరియన్ సంఘంలో కలిసిపోయారు. సొసైటీ నేటికీ ఉంది.

మాంచెస్టరు నుండి వచ్చిన అపరిచితుడు

1888లో మోహన్‌దాస్ గాంధీ అనే పందొమ్మిదేళ్ళ యువకుడు న్యాయశాస్త్రం చదవడానికి లండను చేరాడు. మాంసం ముట్టనని తల్లికి ఇచ్చిన మాట అతడికి భారంగా ఉండేది. ఫారింగ్‌డన్ వీధిలోని ఒక శాకాహార భోజనశాలలో హెన్రీ సాల్ట్ రచించిన పుస్తకం కొని చదివాక, ఆ మాట అతడి స్వంత నిశ్చయమైంది. ఈ కథ అందరూ ఎరిగినదే. ఆత్మకథలోనే ఉన్న మరొక చిన్న సంఘటనను మాత్రం చాలామంది గమనించరు.

రాజకోటలో బడికి పోయే రోజులలో గాంధీకి క్రైస్తవ మతంపై ఏవగింపు కలిగింది. బడి దగ్గర ఒక మిషనరీ హిందూ దేవతలను దూషించేవాడు. మతం మారిన ఒక పెద్దమనిషి గోమాంసం తిని, మద్యం త్రాగవలసి వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. ఇతరుల ఆచారాలను కాలదన్నమనేది మతమెలా అవుతుందని ఆ బాలుడు అనుకున్నాడు. లండనులో ఒక శాకాహార వసతిగృహంలో, మాంచెస్టరు నుండి వచ్చిన ఒక సాధువర్తనుడైన క్రైస్తవుడు అతడికి తటస్థపడ్డాడు. గాంధీ రాజకోట సంగతి చెప్పగా ఆయన ఎంతో నొచ్చుకున్నాడు. తాను మాంసం తిననని, మద్యం త్రాగనని, ఆ రెంటినీ తమ గ్రంథం విధించలేదని చెప్పి, బైబిలు చదవమని కోరాడు.

ఆయన పేరు గాంధీ వ్రాయలేదు. ఆయన బైబిల్ క్రిస్టియన్ చర్చి సభ్యుడో కాదో చెప్పడానికి ఆధారం లేదు. మాంసమూ మద్యమూ రెండూ మానిన క్రైస్తవుడు, ఊరు మాంచెస్టరు, అంతవరకే తెలుసు. గాంధీ ఆయన దగ్గర బైబిలు కొన్నాడు. పాత నిబంధనలో సంఖ్యాకాండం వంటి భాగాలు చదవబోతే నిద్ర వచ్చేది. మత్తయి సువార్తలో కొండమీది ప్రసంగం మాత్రం నేరుగా హృదయంలో నాటుకుంది.

ఒంగోలు మూడు ఆజ్ఞలు

రాజకోటలో వినిపించిన వదంతికి పూర్తిగా ఎదురుగా నడిచిన చరిత్ర ఆనాడే తెలుగునాట జరుగుతున్నది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వద్దకు మాదిగ కుటుంబాలు తండోపతండాలుగా వచ్చాయి. 1878 జూలై 3న ఒక్కరోజున గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు.

మూడవ నియమం వంటింటితో ఆగలేదు. ఊళ్ళో పశువు చస్తే కళేబరం ఎత్తడం, తోలు తీసి చెప్పులు, తొండాలు కుట్టి ఇవ్వడం మాదిగల విధి. ఆ మాంసం ఆ చాకిరీకి ముట్టే ప్రతిఫలంలో భాగం. దానిని తిననన్నవాడు ఊరి కట్టుబాటునే ధిక్కరించినట్టు. గ్రామ పెద్దలతో ఘర్షణలు రేగాయి. ఇక్కడ భోజనపు ఎంపికకు కారణం పశువుపై జాలి కాదు, మనిషి పరువు.

ఈ తేడా మరచి సాల్ఫర్డ్ బోధను యథాతథంగా మన నేలకు తెచ్చేవారు పొరబడతారు. ఇంగ్లండులో మాంసం కలిమికి గుర్తు. దానిని వదలడం వినయం. మన దేశంలో శాకాహారం తరతరాలుగా కొన్ని కులాల ఆధిక్యానికి గుర్తు. ఎవరేమి తింటారో అడిగి ఎవరినెక్కడ కూర్చోబెట్టాలో తేల్చిన దేశమిది. పళ్ళెం చూసి వెలివేయబడినవారి సంతతికి, మళ్ళీ పళ్ళెం చూపి పవిత్రత బోధిస్తే రుచించదు. రోమీయులకు పౌలు చెప్పిన ఆ మాట, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చరాదన్న మాట, ఇక్కడ రెట్టింపు బరువుతో వర్తిస్తుంది.

ఐనంతమాత్రాన పశువు తరఫు ప్రశ్న సమసిపోదు. 1976లో ఆండ్రూ లిన్జీ జంతువుల హక్కులపై క్రైస్తవ దృక్పథంతో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆంగ్లికన్ గురువైన ఆయన 2006లో ఆక్స్‌ఫర్డ్‌లో జంతు నైతికతకు ఒక అధ్యయన కేంద్రం నెలకొల్పాడు. ప్రాణి మన సొత్తు కాదు, సృష్టికర్త సొత్తు. దానికి చేసిన అన్యాయం సృష్టికర్త హక్కుకు భంగం అన్నది ఆయన వాదం. సృష్టిపై మనిషికి అధికారం ఇవ్వబడిందని ఆదికాండం చెప్పిన మాట నిజమే. ఆ అధికారానికి నమూనాగా క్రైస్తవుడు ఎవరిని తీసుకోవాలి? శిష్యుల కాళ్ళు కడిగిన ప్రభువునే గదా, అని ఆయన అడుగుతాడు.

గోస్లార్‌లో నిందితుల ఎదుట నిలిచిన కోడి పెరటిలో తిరిగి, గింజలు ఏరుకొని బ్రతికిన కోడి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరుసలో నిలిచిన తెలుగు ప్రాంతాలలో, నేటి గుడ్ల కోడి తరచు రెక్కలు చాచే చోటు లేని తీగల గూటిలో బ్రతుకు వెళ్ళదీస్తుంది. మాంసపు కోడి ఆయుర్దాయం సుమారు ఆరు వారాలు. కౌహర్డ్ కాలంలో ప్రశ్న చావు గురించి మాత్రమే. ఇప్పుడది బ్రతుకు గురించి కూడా.

ఏటా భస్మ బుధవారం నుండి తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో శ్రమల దినాలు మొదలవుతాయి. కతోలికులు తపస్సు కాలమంటారు. ఎన్నో కుటుంబాలు ఆ నలభై రోజులూ మాంసం వండవు. నూట ఏభై కిలోమీటర్ల దూరాన కొడుకు హాస్టలులో ఉన్నా, మానావా లేదా అని తల్లి ఫోను చేసి అడుగుతుంది. గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ధ్యానం ముగిశాక ఉపవాసం విరిచేది అన్నంతో, పప్పుతో. ఆ నలభై రోజులలో కొన్ని కోళ్ళు, కొన్ని మేకలు మిగిలి ఉంటాయి. వాటి మాట ఎవరి ప్రార్థనలోనూ రాదు. శనివారం రాత్రి మసాలాలు నూరుతారు. ఈస్టరు ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన ముగించుకొని, తెల్ల బట్టలతోనే సంచి పట్టుకొని, మాంసం దుకాణం ముందు వరుసలో నిలబడతారు.